నాన్న పప్పు, డాక్టర్ యాడిస్ లెక్క

"ఒరేయ్, క్రియాటినిన్ తగ్గిందిరా! రెండు పాయింట్ ఒకటి ఉండేది, ఒకటి పాయింట్ ఎనిమిదికి వచ్చింది!"

అమ్మ ఫోన్ చేసేసరికి ఇక్కడ సన్నీవేల్‌లో రాత్రి పదకొండున్నర. భీమవరంలో మధ్యాహ్నం పన్నెండు. నిద్ర ఎగిరిపోయింది. వెంటనే ల్యాప్‌టాప్ తెరిచి, నాన్న రిపోర్టుల కోసం పెట్టుకున్న ఎక్సెల్ షీట్‌లో 1.8 అని టైప్ చేశాను. గ్రాఫ్‌లో గీత కిందికి వంగింది. రోజంతా ఆఫీసులో ఇలాంటి గీతలే చూసే నాకు, ఏ గీత వంగినా ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

ఆ సంతోషం పది రోజులు ఉంది. అది ఎందుకు పోయిందో చెప్పడానికే ఈ పోస్టు. నేను డాక్టర్ని కాను. మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ణి. ఇది వైద్య సలహా కాదు, మా ఇంట్లో జరిగిన ఒక పొరపాటు కథ. దాన్ని అర్థం చేసుకోవడానికి నాకు సాయపడిన, ఎప్పుడో చనిపోయిన ఒక డాక్టర్ కథ కూడా.

నాన్నకి 68 ఏళ్ళు. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పద్దెనిమిదేళ్ళుగా షుగరు, దానికి తోడు బీపీ. కిడ్నీలు మూడో దశలో ఉన్నాయని తెలిసినరోజు డాక్టరుగారు మందులు రాసి, ఉప్పు తగ్గించమని చెప్పి, "ప్రోటీన్ కొంచెం చూసుకోండి" అన్నారట. ఆ "కొంచెం" అన్నది ఎంతో ఎవరూ అడగలేదు. మిగతాదంతా వాట్సాప్ చెప్పింది. పప్పు విషం, గుడ్డు విషం, పాలు విషం. అమ్మ నాన్నకి పప్పు మానిపించింది. చేప మానిపించింది. భీమవరంలో ఉంటూ చేప మానడం అంటే ఏమిటో మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. మజ్జిగ పల్చనైంది. షుగరని అన్నం ముందే తగ్గించారు కదా, ఇక కంచంలో మిగిలింది సొరకాయ, బీరకాయ. "గాంధీగారి నిరాహార దీక్ష కూడా 21 రోజులేరా" అని నాన్న ఫోన్లో నవ్వేవారు. నేను కూడా నవ్వి, "కొన్నాళ్ళు ఓర్చుకోండి నాన్నా" అనేవాణ్ణి.

మూడు నెలలు ఓర్చుకున్నారు. 1.8 వచ్చింది. ఆ కాగితం పట్టుకుని ఇద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆయన కాగితం పక్కన పెట్టి, "మాస్టారూ, బెల్టుకి కొత్త చిల్లు ఎప్పుడు పెట్టించారు?" అని అడిగారట. బరువు చూస్తే 57 కిలోలు. మూడు నెలల క్రితం 64.

క్రియాటినిన్ పుట్టేది కండల్లో. కండలో ఉండే క్రియాటిన్, క్రియాటిన్ ఫాస్ఫేట్‌లలో రోజూ ఓ రెండు శాతం లోపు క్రియాటినిన్‌గా మారి రక్తంలోకి వస్తుంది, కిడ్నీలు దాన్ని బయటికి పంపిస్తాయి. అది రక్తంలో పెరిగితే కిడ్నీలు సరిగ్గా పంపడం లేదని అర్థం. కానీ తగ్గడానికి రెండు దారులున్నాయి. కిడ్నీలు బాగుపడి తగ్గవచ్చు, కండ కరిగిపోయి అసలు పుట్టడమే తగ్గవచ్చు. మాంసం, చేపలు మానేసినా కొంత తగ్గుతుంది. డాక్టరుగారు కండతో పెద్దగా సంబంధం లేని సిస్టాటిన్ సి అనే ఇంకో పరీక్ష చేయించారు. కిడ్నీలు ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి. తగ్గింది మా నాన్న.

ఆ క్రియాటిన్ ఫాస్ఫేట్‌ని 1927లో హార్వర్డ్‌లో కనిపెట్టిన ఇద్దరిలో ఒకరు యల్లాప్రగడ సుబ్బారావుగారు, ఇంకొకరు సైరస్ ఫిస్కే. సుబ్బారావుగారు పుట్టింది భీమవరంలోనే. మా ఊరివాడు చెప్పింది మేమే చదవలేదన్నమాట.

ఇక డాక్టర్ థామస్ యాడిస్ సంగతి. ఈయన పేరు నాకు కిడ్నీల పుస్తకంలో దొరకలేదు. ఓపెన్‌హైమర్ సినిమా చూశాక 1954 నాటి ఆ విచారణ కాగితాలు చదువుతూంటే తగిలింది. స్పెయిన్ అంతర్యుద్ధంలో రిపబ్లిక్ పక్షానికి సాయంగా ఓపెన్‌హైమర్ ఇచ్చిన డబ్బు ఈయన చేతుల మీదుగా వెళ్ళేదట. స్టాన్‌ఫర్డ్‌లో పేరున్న వైద్య పరిశోధకుడు అని ఉంది. దేని మీద పరిశోధన అని వెతికితే, కిడ్నీలు, ప్రోటీన్! నాన్న బెల్టు సంగతి తెలిసిన వారమే ఇది. ఇక వదల్లేదు.

యాడిస్ 1881లో ఎడిన్‌బరోలో పుట్టారు. 1911లో కాలిఫోర్నియా వచ్చారు. అప్పట్లో స్టాన్‌ఫర్డ్ వైద్య కళాశాల శాన్ ఫ్రాన్సిస్కోలో ఉండేది, 1959లో గానీ పాలో ఆల్టోకి మారలేదు. మొన్నొక శనివారం ఆ చోటు చూద్దామని వెళ్ళాను. సాక్రమెంటో వీధి, వెబ్‌స్టర్ వీధి కలిసే మూల పాత లేన్ లైబ్రరీ రాతి కట్టడం ఇంకా నిలబడి ఉంది. చుట్టూ వేరే ఆసుపత్రి భవనాలు. ఆయన పేరు ఎక్కడా కనబడలేదు.

ఆయన రోజుల్లో కిడ్నీ జబ్బుని "బ్రైట్ జబ్బు" అనేవారు. డయాలసిస్ లేదు, కిడ్నీ మార్పిడి లేదు. ఒంటికి నీరు పట్టాక, మూత్రంలో ప్రోటీన్ పోతున్నాక డాక్టర్లు చెయ్యగలిగింది చాలా తక్కువ. యాడిస్ ముందు అడిగిన ప్రశ్న మందు గురించి కాదు, కొలత గురించి. రోగిలో ఎంత కిడ్నీ మిగిలి ఉందో బయటినుంచి ఎలా తెలుస్తుంది?

దానికాయన యూరియా పట్టుకున్నారు. మనం తిన్న ప్రోటీన్‌లో ఒంటికి వాడుకోగా మిగిలింది విరిగిపోతుంది. అందులోని నత్రజనిని కాలేయం యూరియాగా మారుస్తుంది, కిడ్నీ దాన్ని మూత్రంలోకి పంపుతుంది. ప్రోటీన్ బరువులో దాదాపు 16 శాతం నత్రజని కాబట్టి, 100 గ్రాముల ప్రోటీన్ తింటే కిడ్నీలు ఓ 30 గ్రాముల యూరియాని మోసిపోయాలి. ఒక గంటలో మూత్రంలోకి వచ్చిన యూరియాని 100 మిల్లీలీటర్ల రక్తంలో ఉన్న యూరియాతో భాగిస్తే వచ్చేది ఒక నిష్పత్తి. పనిచేసే కిడ్నీ ఎంత మిగిలి ఉంటే ఈ నిష్పత్తి అంత ఉంటుందని ఆయన చూపించారు. తర్వాత 1928లో రాక్‌ఫెల్లర్ ఆసుపత్రిలో వాన్ స్లైక్ బృందం ఇదే దారిలో ఆలోచించి దానికి "క్లియరెన్స్" అని పేరు పెట్టింది. ఇవాళ మన రిపోర్టుల్లో కనిపించే జీఎఫ్ఆర్‌కి తాతలాంటిది అది.

ఇంకో కొలత ఆయన పేరుతోనే ఉండిపోయింది, యాడిస్ కౌంట్. రోగి రాత్రంతా, పన్నెండు గంటల మూత్రం, సీసాలో పట్టి తేవాలి. మైక్రోస్కోపు కింద అందులోని కణాల్ని లెక్కపెడతారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో కూడా ఎర్రకణాలు ఐదు లక్షల దాకా ఉంటాయి. మామూలు ఎంత, జబ్బు ఎంత అన్నది ఊహతో కాకుండా అంకెతో తేల్చడం ఆయన పద్ధతి. ఈ లెక్కలో రోగి కూడా పనివాడే. వేళ తప్పినా, సీసా మరిచిపోయినా లెక్క చెడిపోతుంది. అందుకే ఆయన రోగులకి అన్నీ విడమరిచి చెప్పి, పరిశోధనలో తోటివాళ్ళలా చూసేవారు.

ఇక ప్రోటీన్. ఎలుకలకి ప్రోటీన్ ఎక్కువగా పెట్టి పెంచితే వాటి కిడ్నీలు పెద్దవవుతున్నాయని 1920లలో యాడిస్ బృందం చూసింది. అంటే పని పెరుగుతోంది. మంచి కిడ్నీకి ఫర్వాలేదు, దెబ్బతిన్న కిడ్నీకి? విరిగిన కాలికి కట్టు కట్టి విశ్రాంతి ఇస్తాం కదా, అలాగే జబ్బు కిడ్నీకి కూడా విశ్రాంతి ఇవ్వాలన్నారాయన. కిడ్నీని ఆపలేం కాబట్టి, మోసే బరువు తగ్గించాలి. బరువంటే యూరియా, యూరియా అంటే ప్రోటీన్.

ఈ మాట నమ్మి బతికినవాళ్ళలో ప్రపంచానికి తెలిసినవాడు లైనస్ పాలింగ్. 1941 మార్చిలో న్యూయార్క్‌లో ఒక పతకం అందుకోవడానికి వెళ్ళినప్పుడు ముఖం ఉబ్బిపోయి, కళ్ళు మూసుకుపోయేంత వాపు వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి. బ్రైట్ జబ్బు అని తేలింది. యాడిస్ దగ్గరికి పంపించారు. యాడిస్ చెప్పింది మంచం మీద విశ్రాంతి, ఉప్పు లేని తిండి, చాలా నీళ్ళు, లెక్కపెట్టిన ప్రోటీన్. ఆ లెక్కంతా పాలింగ్ భార్య ఆవా హెలెన్ చేతిలో పడింది. దేంట్లో ఎంత ప్రోటీన్ ఉందో చూసుకుంటూ, ఏళ్ళ తరబడి ఆవిడ ఆ కంచం నడిపారు. కొన్ని నెలల్లో వాపు దిగింది. ఆ తర్వాత ఆయన రెండు నోబెల్ బహుమతులు తీసుకుని, 93 ఏళ్ళు బతికి, 1994లో వేరే జబ్బుతో పోయారు. డాక్టరు మాత్రం 1949లోనే వెళ్ళిపోయారు.

ఒక్క మనిషి బాగుపడితే అది రుజువు కాదు. పాలింగ్‌కి వచ్చినలాంటి జబ్బు కొందరిలో దానంతటదే తగ్గవచ్చు కూడా. పైగా యాడిస్ చెప్పిన కారణం తప్పని తర్వాత తేలింది. యూరియాని చిక్కబరచడమే కిడ్నీకి అసలు కష్టం అనుకున్నారాయన. నిజానికి కిడ్నీ తన శక్తిలో ఎక్కువ భాగం ఖర్చుపెట్టేది ఉప్పుని వెనక్కి తీసుకోవడానికి. రోజూ దాదాపు 180 లీటర్లు వడగట్టి, అందులో 99 శాతం వెనక్కి లాక్కోవాలి కదా. సిద్ధాంతం పడిపోయింది, డయాలసిస్ వచ్చింది, యాడిస్ కంచాన్ని చాలామంది మరిచిపోయారు.

మళ్ళీ 1982లో బోస్టన్‌లో బ్యారీ బ్రెన్నర్, ఇంకో ఇద్దరు కలిసి ఆ ఆలోచనని వేరే వైపు నుంచి తెచ్చారు. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల నెఫ్రాన్లు, అంటే వడపోత గొట్టాలు ఉంటాయి. వాటిలో సగం పోతే మిగిలిన సగం ఆ పని కూడా మీద వేసుకుంటాయి. మా ఆఫీసులో నలుగురిని తీసేస్తే మిగిలిన నలుగురి మీద ఎనిమిదిమంది పని పడ్డట్టు. ప్రోటీన్ ఎక్కువున్న భోజనం చేస్తే ఈ వడపోత ఇంకా పెరుగుతుంది. ఒత్తిడికి అవి కూడా ఒక్కొక్కటీ మచ్చకట్టి పోతాయి. బరువు అన్నమాట నిజమే, కానీ ఆ బరువు యూరియా కాదు, వడపోత దగ్గరి రక్తపు ఒత్తిడి.

మరి ప్రోటీన్ తగ్గిస్తే మనుషుల్లో జబ్బు నెమ్మదిస్తుందా? అమెరికాలో ఎండీఆర్డీ అనే పెద్ద పరీక్ష జరిగింది, ఫలితం 1994లో వచ్చింది. మధ్యస్థంగా దెబ్బతిన్న 585 మంది, ఇంకా ఎక్కువ దెబ్బతిన్న 255 మంది, సగటున 2.2 ఏళ్ళు. గట్టిగా అవునని చెప్పే జవాబు రాలేదు. కొంచెం మేలు ఉండవచ్చు అన్నంత వరకే. ఈలోగా ఆ ఒత్తిడినే నేరుగా తగ్గించే మాత్రలు వచ్చాయి, ముందు కొన్ని బీపీ మాత్రలు, ఈమధ్య కొన్ని షుగరు మాత్రలు. నాన్న రెండు రకాలూ వేసుకుంటున్నారు. యాడిస్ కంచంతో చెయ్యాలనుకున్న పనిలో పెద్ద భాగం ఇప్పుడు మాత్ర చేస్తోంది. కిడ్నీ జబ్బు మూడో దశ, ఆపైన ఉన్నవాళ్ళకి 2024 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పేది కిలో బరువుకి రోజుకి 0.8 గ్రాముల ప్రోటీన్. 1.3 దాటొద్దు. నీరసపడిన పెద్దవాళ్ళయితే తగ్గించడం కన్నా సరిపడా తినడం ముఖ్యం.

0.8 అన్నది సున్నా కాదు. మేం తప్పు చేసింది అక్కడే.

నన్ను ఎక్కువ కదిలించింది యాడిస్‌దే ఇంకో పని. 1936లో ఆయన, పూ, లూ అనే ఇద్దరు సహచరులతో కలిసి, పస్తు పెట్టిన ఎలుకల్లో ఏ అవయవం ఎంత ప్రోటీన్ పోగొట్టుకుంటుందో తూచి చూశారు. ఏడు రోజుల పస్తులో కాలేయం తన ప్రోటీన్‌లో దాదాపు 40 శాతం పోగొట్టుకుంది. కిడ్నీలు కూడా పోగొట్టుకున్నాయి. మెదడు చాలా తక్కువ. కండలు, చర్మం, ఎముకలు శాతంలో తక్కువే పోగొట్టుకున్నా, ఒంట్లో వాటి వాటా పెద్దది కాబట్టి మొత్తం నష్టంలో ఎక్కువ భాగం అక్కడిదే.

అంటే బయటినుంచి తిండి రాకపోతే ఒళ్ళు ఊరుకోదు. తననే తింటుంది. అలా తిన్న ప్రోటీన్ నుంచి కూడా యూరియా పుడుతుంది, దాన్ని కూడా ఆ కిడ్నీయే మొయ్యాలి. ప్రోటీన్ తగ్గించమన్న మనిషే, మరీ తగ్గిస్తే ఏమవుతుందో కూడా తూచి పెట్టాడు. నేనేమో మూడు నెలలపాటు ఇక్కడ కూర్చుని, నాన్న కండ కరుగుతున్న గ్రాఫ్ చూసి మురిసిపోయాను. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి నేనే చెబుతుంటాను, అంకె మంచిగా మారితే ముందు ఎందుకు మారిందో చూడండి అని.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి, "నాదే తప్పు నాన్నా, నేనడగాల్సింది" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "లెక్క తప్పయితే కొట్టేసి మళ్ళీ చెయ్యాలిరా, అంతే" అన్నారు. రిటైరయినా మాస్టారు మాస్టారే.

ఇప్పుడు భీమవరం వంటింట్లో ఒక కాటా ఉంది. నాన్న దగ్గర రూళ్ళ నోటుబుక్కు ఉంది. పోషకాహార నిపుణురాలు కూర్చోబెట్టి చెప్పిన లెక్క ఆయన మొదటి పేజీలోనే రాసుకున్నారు. బరువు 62కి రావాలి, 62ని 0.8తో గుణిస్తే సుమారు 50 గ్రాములు. రోజుకి పావుకిలో బియ్యంలో 17. మేమెవరమూ బియ్యంలో ప్రోటీన్ ఉంటుందని లెక్కే వేసుకోలేదు! 50 గ్రాముల కందిపప్పులో 11. ఒక గుడ్డులో 6. పాలు, పెరుగు కలిపి 300 మిల్లీలీటర్లలో 9. మిగిలిన ఏడూ చిన్న చేపముక్క, కూరగాయలు. ఉప్పు మాత్రం తగ్గింపే. అన్నం పెరిగింది కాబట్టి షుగరు మందు సరిచేశారు. అప్పుడప్పుడూ 24 గంటల మూత్రం పట్టి పరీక్షకిస్తారు. అందులోని యూరియాని బట్టి నాన్న నిజంగా ఎంత ప్రోటీన్ తిన్నారో తెలిసిపోతుంది. పక్కింటి పెళ్ళిలో ఏం తిన్నారో కూడా దొరికిపోతుంది. నూరేళ్ళ కిందట శాన్ ఫ్రాన్సిస్కోలో సీసాలు మోసుకెళ్ళిన మనుషుల్లాగే, ఆయన కూడా గడియారం చూసుకుంటూ ఆ క్యాను నింపుతారు.

ఐదు నెలలకి బరువు 61. క్రియాటినిన్ 2.0. సిస్టాటిన్ సి మారలేదు. నా గ్రాఫ్‌లో గీత మళ్ళీ పైకి లేచింది. పక్కన ఇప్పుడు బరువు గీత కూడా గీస్తున్నాను. రెండూ కలిపి చూస్తే ఇది మంచి వార్త అని అర్థమవుతుంది. కిడ్నీలు బాగుపడలేదు, బాగుపడతాయని ఎవరూ చెప్పలేదు కూడా. నిలబడితే చాలు.

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో అమ్మకి పాలింగ్ కథంతా చెప్పాను. పప్పు కాటా మీద పోస్తూ వింది.

"అయితే ఆవిడ కూడా ఇలాగే పప్పు తూచేదా?"

"వాళ్ళకి పప్పెక్కడిదమ్మా. మాంసం, గుడ్లు, పాలు."

"ఎన్నేళ్ళు?"

"పధ్నాలుగు, పదిహేనేళ్ళు."

అమ్మ కాటా మీంచి నాలుగు గింజలు తీసి డబ్బాలో వేసింది. నాన్న వెనకనుంచి, "నాలుగు గింజలకి కూడానా!" అన్నారు.

"మరి వాళ్ళాయన సణిగేవాడా?"

"నేను చదివినదాంట్లో అదేం లేదమ్మా."

"రాయరులే" అంది అమ్మ.